కోడినిద్ర

పరికరం నిద్రలో ఉంది. ఫోను తెర మీద బూడిద రంగు అక్షరాల్లో మళ్ళీ అదే మాట. ఆమె గుండ్రటి గుర్తు మీద వేలు నొక్కింది. అది గిరగిరా తిరిగి, అలసిపోయినట్టు ఆగి, మళ్ళీ అదే మాట చెప్పింది. గురువారం నుంచీ ఇదే తంతు. ఇవాళ పొద్దున ఏడింటి నుంచి ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెట్టడం మానేసింది. ఇప్పుడు పదకొండూ అయిదు. పన్నెండు కొట్టేదాకా ఈ గది వదిలి కదలడానికి వీల్లేదు. కింద నేలమాళిగలో బ్యాటరీల మెకానిక్ మెయిన్ కరెంటు తీసేశాడు. "గంటసేపు మీ మెషీన్లు బ్యాటరీల మీద నిలబడతాయో లేదో చూడాలి మేడమ్. మీరు అక్కడే కూర్చోండి. ఎక్కడ ఎర్రలైటు వెలిగినా నాకు ఫోన్ కొట్టండి" అని చెప్పి వెళ్ళాడు. శనివారం కాబట్టి ఆఫీసులో నరపురుగు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్, కింద మెకానిక్, ఇక్కడ తను. కిటికీల్లేని గదిలో బీరువాల్లాంటి యంత్రాలు ఆరు, వాటి నిండా ఊరందరి కొళాయి గొట్టాల వివరాలు. ఫ్యాన్ల హోరు ఎంత నిలకడగా ఉందంటే కాసేపటికి అది చప్పుడని కూడా అనిపించదు. చలికి శాలువా కప్పుకుని, ఒళ్ళో లాప్‌టాపు, చేతిలో ఫోను పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆఫీసులో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. చచ్చిందనుకున్న కంప్యూటరు కూడా ఆమె చెయ్యి పడితే లేచి కూర్చుంటుందని పేరు. డాక్టరమ్మకి ఇవాళ అర ఇటుకంత పాటల పెట్టెను లేపడం చేతకావడం లేదు.

ఆ పెట్టె రెండు గంటల రైలు ప్రయాణమంత దూరంలో, ఒక మేడలో మూడో అంతస్తు గదిలో, అన్నయ్య మంచం పక్కన ఉంది. ఎక్కడ చిక్కుందో వెతకాలంటే ఇంటికి కరెంటుందా అన్న దగ్గర మొదలుపెట్టాలి. ఉంది, ఎందుకంటే అక్కడి వైఫై పెట్టెను పలకరిస్తే వెంటనే జవాబిస్తోంది. వైఫై దగ్గర అన్నయ్య ఫోను కనిపిస్తోందా? కనిపిస్తోంది. అంటే ఫోను ఇంట్లోనే ఉంది, ఛార్జింగు ఉంది, ప్రాణంతో ఉంది. అయినా పొద్దున్నుంచి నాలుగుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. నిన్న సాయంత్రం చేసినా ఎత్తలేదు. మొన్న గురువారం మాత్రం ఎత్తి, "బాగానే ఉన్నానమ్మాయ్" అని, శనివారం కూడా తనకు ఆఫీసేనని చెబితే విని పెట్టేశాడు. కనుచూపు లేని యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గది దాటి ఒక్కడే ఎక్కడికీ వెళ్ళని మనిషి, ఫోను మోగుతుంటే ఎందుకు ఎత్తడు? ఆ ప్రశ్న ముందుకు పోయే దారి ఆమెకు తెలుసు. బాత్రూము గడప, తడి నేల. అందుకే మనసు అటు నడవబోయినప్పుడల్లా దాన్ని చెవి పట్టుకుని మళ్ళీ పెట్టె దగ్గరికే లాక్కొస్తోంది. పెట్టెకు రెండు రకాల నిద్రలున్నాయి. మొదటిది కోడినిద్ర. కళ్ళు మూసుకున్నా ఒక చెవి నెట్‌వర్కుకి అప్పజెప్పి ఉంటుంది, దూరం నుంచి పిలిచినా ఉలిక్కిపడి లేస్తుంది. రెండోది మొద్దునిద్ర. ఆ నిద్రలో రేడియో కూడా ఆపేసుకుంటుంది. ఇక ఎంత అరిచి గీపెట్టినా గాలిలో పిలుపు దాని దాకా పోదు, మనిషి వెళ్ళి నెత్తిన బొత్తాం నొక్కాల్సిందే. రెండేళ్ళ క్రితం దాన్ని అక్కడ పెట్టినప్పుడు తనే కూర్చుని కోడినిద్రలో ఉంచింది. మరి మొద్దునిద్రలోకి ఎలా జారుకుంది?

అన్నయ్య ఉండే మేడ కింద మందుల షాపామెకు ఫోన్ చేస్తే చిటికెలో తేలిపోతుంది. అన్నయ్య గది తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంది. కానీ పోయిన చలికాలంలో ఇలాగే కంగారుపడి చేస్తే, ఆమె పాపం మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులూ ఎక్కి, తలుపు బాది, తాళం తీసి లోపలికి వెళ్ళి చూసింది. అన్నయ్య హాయిగా దుప్పటి ముసుగుతన్ని నిద్రపోతున్నాడు. ఆ రోజు ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను బతికున్నానో లేదో వీధిలోవాళ్ళని పంపించి చూయిస్తావా?" అన్నాడు. అప్పట్నుంచి ఆమెకు ఎవర్నీ అడగడం ఇష్టం లేదు. పెట్టెను అడగడమే నయం. పెట్టె ఎవరికీ చెప్పదు. నిజానికి ఆమెకు పెట్టె నచ్చడానికి కారణమే అది. ఏడింటికి తను ఇక్కణ్ణుంచి వార్తలు పెడుతుంది, అక్కడ ఆయన నిద్ర లేస్తాడు. ఆయన పెట్టె గొంతు పెంచితే తెలుస్తుంది, ఆపితే తెలుస్తుంది, ఏ పుస్తకం ఎన్ని నిమిషాలు విన్నాడో, అర్ధరాత్రి లేచి ఏం వెతుక్కున్నాడో, అన్నీ చిన్న చిన్న అంకెలై ఆమె ఫోనులోకి వచ్చి చేరతాయి. పెట్టె ఇలా చెబుతుందని అన్నయ్యకి ఏనాడూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. పళ్ళు తోముకుంటూ ఫోను తెరిచి, ఏడూ రెండుకి గొంతు పెరిగిన గుర్తు చూసి, హమ్మయ్య అనుకుని కాఫీ పెట్టుకోవడంలో ఒక రుచి ఉంది. చెబితే ఆ రుచి పోతుందని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్ళు తాగింది.

ఆయన దగ్గర ఏదైనా దాచడం చిన్నప్పుడు ఎంత కష్టంగా ఉండేదో! అన్నయ్య పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్ద. పొడుగాటి ప్రూఫు కాగితాలు చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చేవాడు, వాటి వెనక తెల్లవైపు ఆమె అక్షరాలు దిద్దేది. ఆ కాగితాల సిరా వాసన గోళ్ళలో దాకా పట్టేసేది. ఆయన జేబులో ఎర్రపెన్ను, చెవి మీద పెన్సిలు. అచ్చులో దీర్ఘం పోయినా, సున్నా జారినా, చీమ పాకినట్టు ఆయన చర్మానికి తెలిసిపోయేది. తను హాస్టలు నుంచి ఉత్తరం రాస్తే దాన్ని ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపేవాడు, అడుగున "మిగతా క్షేమం" అని రాసి. తనకు పదిహేనేళ్ళప్పుడు లెక్కల పరీక్ష తప్పి, "ఫలితాలు ఇంకా రాలేదు" అని ఉత్తరం రాసింది. చిత్తు రాసి, సరిచూసుకుని, సాపు రాసి మరీ పంపింది. మూడోరోజుకల్లా అన్నయ్య హాస్టలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "తప్పుల్లేని ఉత్తరం నువ్వు రాయవు కదే. అబద్ధానికే అంత శ్రద్ధ పెడతావు" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పాడు. ఇంతా చేసి ఆయనకూ లెక్కలు రావు. ఇద్దరూ కలిసి తప్పులు చేశారు. గేటు పక్క అరుగు చల్లగా ఉండటం గుర్తుంది, ఆయన చొక్కా మోచేతి దగ్గర సిరా మరక గుర్తుంది, సాయంత్రం బస్సెక్కుతూ వెనక్కి తిరిగి చూడకపోవడం గుర్తుంది. చూస్తే తను ఏడుస్తుందని ఆయనకి తెలుసు.

అలాంటి కళ్ళు పోయాయి. ఒక్కసారిగా పోలేదు, అంచుల నుంచి మెల్లమెల్లగా, కాగితం చుట్టూ మార్జిను పెరుగుతూ వచ్చినట్టు పోయాయి. రెండేళ్ళ పాటు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ప్రూఫులు ఇంటికి తెచ్చుకుంటే వదిన చదివేది, ఆయన కళ్ళు మూసుకుని విని తప్పులు చెప్పేవాడు. తప్పు పట్టాలంటే గుర్తులు కూడా వినపడాలి కదా, అందుకని వదిన కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదివేది. "రేపు ఉదయం కామా తీర ప్రాంతాల్లో కామా ఓ మోస్తరు వానలు పడవచ్చు ఫుల్‌స్టాపు." రాత్రి మళ్ళీ ఒకసారి సరిచూసుకోవడానికి ఆయన దాన్ని చిన్న రికార్డర్లో పట్టి పెట్టుకునేవాడు. వానలు, పెళ్ళి ప్రకటనలు, చనిపోయినవాళ్ళ వార్తలు, వంతెన ప్రారంభోత్సవాలు. వదిన పోయి మూడేళ్ళు. నాలుగు రోజుల జ్వరం, అయిదో రోజు ఆసుపత్రి, ఆరో రోజు లేదు. తరువాత ఇల్లు సర్దుతుంటే బూట్ల డబ్బాలో రికార్డులు దొరికాయి, నలభై ఒకటి. తనే వాటిని శుభ్రం చేసి, గరగరలు తీసి, వరసగా పేర్లు పెట్టి పెట్టెలోకి ఎక్కించింది. ఎక్కిస్తూ ఒకటి విన్నది. మధ్యలో వదిన చదవడం ఆపేసి మామూలు గొంతుతో, "కనిపించట్లేదని ఆఫీసులో ఎప్పుడు చెప్తారు?" అంది. "వచ్చే నెల" అన్నాడు అన్నయ్య. కాగితం చప్పుడు, ఆ తరువాత వదిన, "కామానా, ఫుల్‌స్టాపా?" ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు ఉంది. తరువాత వంతెన మళ్ళీ ప్రారంభమైంది. ఆ రోజు తను ఎందుకో చెవుల్లోంచి తీగలు లాగేసి, లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

ఒక దీపం రంగు మారినట్టనిపించి తలెత్తింది. లేదు, పచ్చగానే ఉంది. బ్యాటరీలు డెబ్భై ఎనిమిది శాతం. పదకొండూ ఇరవై. మళ్ళీ అన్నయ్యకి ఫోను చేసింది. మోగుతోంది. ఆ మోత ఎక్కడ మోగుతోందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు తెలుసు, మంచం పక్క బల్ల మీద, నీళ్ళ చెంబు దగ్గర. బల్ల అదురుతూ ఉంటుంది. మనిషి ఎక్కడ? ఆగిపోయింది.

తను చేసిన పని ఇది. వేసవి మొదట్లో అంకెలు మారాయి. రోజుకి రెండు గంటలు వినేవాడు ఆరు గంటలు, తొమ్మిది, పదమూడు. కొత్త పుస్తకాలేవీ కాదు, నలభై ఒక్క రికార్డులే, చుట్టి చుట్టి. మందుల షాపామె ఓసారి, "ఈ మధ్య మీ అన్నయ్యగారి ఇంట్లో గిన్నెల చప్పుడే లేదమ్మా, ఎప్పుడు చూసినా రేడియోనే" అంది. ఆ వారమే ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన, "రేపు ఓ మోస్తరు వానలట, గొడుగు పట్టుకెళ్ళు" అన్నాడు. బయట ఎండలు మండిపోతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయిపోయింది, అన్నయ్య ఎనిమిదేళ్ళ కిందటి వాతావరణంలో బతుకుతున్నాడు, ఇంకొన్నాళ్ళకి తనెవరో కూడా మరిచిపోతాడు అనుకుంది. ఆ రాత్రే, ఇక్కణ్ణుంచే, నలభై ఒకటినీ పెట్టెలోంచి తీసేసింది. పారెయ్యలేదు, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. తన తాళాల గుత్తికి తగిలించుకున్న పెన్‌డ్రైవులో పెట్టుకుంది. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. "వదిన గొంతు రావట్లేదే. కాస్త చూడు" అన్నాడు. చూస్తాననైనా అనొచ్చు. "ఫైళ్ళు పాడైపోయాయన్నయ్యా, అన్నీ. మళ్ళీ రావు" అంది. తడుముకోకుండా, అచ్చుగుద్దినట్టు. అవతల బల్ల మీద చెంబు జరిపిన చప్పుడైంది. తరువాత, "సరేలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు. ఆ మాటకి ఆరు వారాలు.

అది ఆయన మంచికే అనుకుంది. నిజమే, కానీ నిజం అంతవరకేనా? ఈ చలి గదిలో, ఎవరూ లేని శనివారం పూట, ఆ రెండో ముక్క దానంతటదే పైకి తేలింది. ఆయన దగ్గర ఒక గొంతుకు చోటుంది. ఒకప్పుడు ఆ చోటు తనది. ఆయన పక్కన కూర్చుని పాఠాలు గట్టిగా చదివింది తను, ఎక్కడ తడబడితే అక్కడ ఆయన మోకాలి మీద వేలితో టక్కున కొట్టేవాడు. తరువాత వదిన వచ్చింది, మంచి మనిషి, ఆమెను వేలెత్తి చూపడానికి ఏమీ లేదు, ఆ చోట్లో కూర్చుంది. పోయాక కూడా కూర్చునే ఉంది, పదమూడు గంటలు. ఆ గొంతు తీసేస్తే చోటు ఖాళీ అవుతుందనుకుందా? అనుకుంది. లేకపోతే మరుసటి వారమే కిటికీలు మూసుకుని, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ పదకొండు సాయంత్రాలు ఒక నవల మొత్తం తన గొంతుతో చదివి ఎందుకు పంపుతుంది? బాగానే చదివింది. కామాలు చదవలేదు. మర్నాడు పొద్దున పెట్టె చెప్పింది, నాలుగు నిమిషాలు. అంతే, నాలుగు నిమిషాలు విని ఆపేశాడు. సాయంత్రం అడిగితే, "బావుందే, శ్రమపడ్డావు" అన్నాడు. ఆమె నాలుగు నిమిషాల సంగతి ఎరగనట్టే, "మెల్లిగా వినన్నయ్యా" అంది. ఇద్దరూ ఎంత మర్యాదగా మాట్లాడుకున్నారో! ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

ఏదో ఒకటి చెయ్యాలని లాప్‌టాపు తెరిచి వైఫై పెట్టె చిట్టా పైకి లాగింది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో అది వరసగా రాసి పెడుతుంది. పాటల పెట్టె చివరిసారి కనిపించింది బుధవారం రాత్రి తొమ్మిదీ నలభైకి. ప్లగ్గు ఊడిపోతే వైఫై పెట్టె కొన్ని నిమిషాలు ఎదురుచూసి, జవాబు లేదు, తీసేశాను అని రాసుకుంటుంది. ఇక్కడ అలా లేదు. తనంతట తానే సెలవు తీసుకుంది అని ఉంది. ఆ వరసను మళ్ళీ చదివింది. సెలవు చెప్పి వెళ్ళాలంటే పెట్టెకు ఎవరో చెప్పి ఉండాలి. ఇంట్లో ఉన్నది ఒక్కరే. నెత్తి మీది బొత్తాం అయిదు క్షణాలు నొక్కి పట్టుకుంటే పెట్టె మాట్లాడుతుంది. భాష మార్చాలంటే ఒకసారి నొక్కండి, గడియారం సరిచెయ్యాలంటే రెండుసార్లు, అలా పోయి పోయి చివర్లో, దూరం నుంచి లేపడం ఆపెయ్యాలంటే ఏడుసార్లు నొక్కండి అంటుంది. ఆ సంగతి ఆయనకు నేర్పలేదు. నేర్పమంటే, "నీకెందుకన్నయ్యా అవన్నీ, నేను చూస్తాగా" అంది. మరి ఆయన ఒక్కడే చీకట్లో కూర్చుని దాన్ని తడిమి తడిమి, ఎన్ని నొక్కులకి ఏ మాట వస్తుందో విని, ఒక్కో మెట్టూ జ్ఞాపకం పెట్టుకుని, ఏడోదాకా వెళ్ళాడన్నమాట. చిక్కు తెలిసిపోయింది. పెట్టెలో లోపం ఏమీ లేదు. ఆయన ఆమెకు తలుపేశాడు.

ఇక మానమూ మర్యాదా ఆలోచించలేదు. మందుల షాపామె నంబరు నొక్కింది.

"ఆఁ, చెప్పమ్మా."

"అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదండీ. ఒక్కసారి..."

"ఎలా ఎత్తుతారు? ఊళ్ళో లేరుగా."

"లేకపోవడమేంటండీ?"

"పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్ళారు. చేతికర్ర, భుజాన సంచి. నేనే స్టేషనుదాకా తీసుకెళ్ళి బండెక్కించా. మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నా, ఎదురుచూస్తుంటుంది అన్నారు." ఆమె గొంతు తగ్గింది. "నీకు చెప్పలేదా?"

"చెప్పాడు... చెప్పాడండీ. నేనే మర్చిపోయా" అంది డాక్టరమ్మ. ఈసారి అబద్ధం తడబడుతూ వచ్చింది.

ఎనిమిదిన్నర అంటే తొమ్మిది గంటల బండి. రెండు గంటలు. పదకొండుకి వచ్చి ఉంటుంది, ఇప్పుడు పదకొండూ ముప్పై అయిదు. స్టేషను నుంచి ఆఫీసుకి ఒకటే వీధి, కళ్ళున్నవాళ్ళకి పది నిమిషాలు. ఆ వీధి మొత్తం ఆమె కళ్ళ ముందు పరుచుకుంది. మధ్యలో తవ్వేసిన గొయ్యి, దాని చుట్టూ కట్టిన పలచని పసుపు తాడు, ఆ తాడు చేతికర్రకి తగలదు. ఆ గొయ్యి తవ్వించింది తన ఆఫీసే. పళ్ళబండి, సైకిళ్ళ వరస, సందు మొదట్లో ఎవ్వర్నీ చూసుకోకుండా వెనక్కి వచ్చే లారీలు. లేచి తలుపుదాకా వెళ్ళింది, గడియ మీద చెయ్యి వేసింది. బ్యాటరీలు యాభై రెండు శాతం. తను బయటికి పోయిన నిమిషంలో ఏదైనా ఆగిపోతే సగం ఊరికి సాయంత్రం నీళ్ళ గేట్లు తెరుచుకోవు. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కాలు కాలిన పిల్లిలా ఆరు యంత్రాల మధ్య తిరిగింది. ఇన్నాళ్ళూ ఆయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడు పడుకున్నాడో నిమిషాలతో సహా తెలుసు. ఇప్పుడు అదే మనిషి ఆమె ఊళ్ళో, ఆమె వీధిలో ఉన్నాడు, ఏ అంకె రావడం లేదు. అన్నయ్యా, ఎడమ పక్కగా నడువు, గోడ పట్టుకో, పోనీ ఎవర్నైనా అడుగు, నువ్వు ఎవర్నీ అడగవు. కళ్ళు బాగున్న రోజుల్లో కూడా దారి అడిగేవాడు కాదు, వీధి పేర్లు రాసిన పలకల్లో తప్పులు చూసుకుంటూ నడిచేవాడు.

వాచ్‌మన్ ఫోను చేశాడు. "మేడమ్, ఒకాయన వచ్చారు. మీ అన్నయ్యగారట."

"ఎలా ఉన్నారు?" అంది ఆమె. ఆ ప్రశ్న వాచ్‌మన్‌కి అర్థం కాలేదు.

"ఎలా ఉంటారు మేడమ్... తెల్లచొక్కా" అన్నాడు.

నడవాలో చేతికర్ర చప్పుడు ముందు వినపడింది, టక్ టక్ మని, తొందర లేకుండా. ఆమె తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. అన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి అంటుకుని ఉంది, కుడి అరచెయ్యి గీసుకుపోయింది. ముఖం మాత్రం ప్రూఫు పూర్తిచేసి లేచినవాడిలా ప్రశాంతంగా ఉంది. వాచ్‌మన్ వెళ్ళిపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టబోతే, ఆయన స్టూలు ఎక్కడుందో కర్రతో తెలుసుకుని తనే కూర్చున్నాడు. ఫ్యాన్ల హోరుకి చెవి ఒగ్గాడు.

"పడ్డావా?" అంది.

"కొంచెం. ఫోను ఇంట్లోనే పెట్టొచ్చా. తెచ్చుంటే దార్లోనే చేసి, దిగు, వెనక్కెళ్ళు, నేనే వస్తా అనేదానివి."

నిజమే. అనేదే.

"పెట్టెని నిద్రపుచ్చింది నేనే. అదేదో పాడైందని చూస్తున్నావేమో."

"తెలిసింది. ఇప్పుడే."

"నాకు ముందే తెలుసు" అన్నాడు అన్నయ్య. "'రాత్రి రెండింటిదాకా మేలుకున్నావేం' అన్నావోసారి. నేను చెప్పలేదే, దీనికెలా తెలిసిందని అప్పుడే అనుకున్నా. పోన్లే, చూసుకోనీ, దానికో ధైర్యం అని ఊరుకున్నా." కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. "వదినవి ఏం చేశావు?"

ఆమె గోడకి ఆనుకుంది. చెప్పడానికి ఎన్ని వాక్యాలు తయారుచేసుకుందో ఇన్ని వారాలూ! నీ ఆరోగ్యం, నీ తిండి, డాక్టర్లు ఏమంటారంటే, అన్నీ సాపురాసినవే. ఒక్కటీ నోటికి రాలేదు. "నేనే తీసేశానన్నయ్యా. పాడవలేదు. నా దగ్గరే ఉన్నాయి" అంది.

ఆయన గీసుకుపోయిన అరచెయ్యి మోకాలి మీద పెట్టుకుని గట్టిగా నొక్కుకున్నాడు.

"తీసేశానని చెప్పుంటే తిట్టేవాణ్ణి. తిట్టి ఊరుకునేవాణ్ణి. పాడైపోయాయన్నావు. ఆరు వారాలు, ఆరు వారాలే, మీ వదిన రెండోసారి పోయిందనుకున్నా నేను. మొదటిసారి ఆసుపత్రిలో పక్కనన్నా ఉన్నా."

"నువ్వు భయపెట్టావన్నయ్యా. వానలు పడతాయన్నావు. గొడుగు పట్టుకెళ్ళమన్నావు. ఎండల్లో. నీకు మతి..."

"అది జోకే" అన్నాడు. "నువ్వు నవ్వుతావనుకున్నా."

ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కింది నుంచి మెకానిక్ ఫోను చేశాడు. కరెంటు ఇచ్చేస్తున్నా, టెస్టు పాసయింది అన్నాడు. ఒక్క క్షణం ఫ్యాన్ల శ్రుతి మారి మళ్ళీ మామూలుగా అయింది. అన్నయ్య తల తిప్పి ఆ మార్పును విన్నాడు. ఆమె తాళాల గుత్తిలోంచి పెన్‌డ్రైవు విడదీసింది. గోరు విరిగింది. ఆయన ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఇందులో నలభై ఒకటీ ఉన్నాయి. పెట్టె వెనక, కింద చిన్న సందు ఉంటుంది, దాంట్లో గుచ్చితే చాలు. నా అవసరం లేదు." ఆయన దాన్ని బొటనవేలితో అటూ ఇటూ తడిమి చూసి, చొక్కా జేబులో వేసుకుని జేబు బొత్తాం పెట్టుకున్నాడు. ఆమె ఫోను తీసి, బూడిద రంగులో నిద్రపోతున్న ఆ పేరు మీద వేలు పెట్టి నొక్కి పట్టింది. ఈ పరికరాన్ని మరిచిపోవాలా అని అడిగింది ఫోను. అవునంది. తెర మీది పేర్ల వరసలో ఇప్పుడు ఆ చోట ఏమీ లేదు. ఏం చేసిందో అన్నయ్యకి చెప్పలేదు, చెప్పాలనిపించీ చెప్పలేదు.

"నీ నవల మొత్తం వినలేదు నేను" అన్నాడు ఆయన లేస్తూ.

"తెలుసు."

"తెలుస్తుందిలే నీకు. నాలుగు నిమిషాలకే ఆపేశా. నువ్వు అచ్చం చిన్నప్పుడు చదివినట్టే చదివావు, ఊపిరి తీసుకోకుండా. పక్కన లేకుండా ఆ గొంతు వినడం నా వల్ల కాలేదు. ఎప్పుడైనా వచ్చి చదువు, వింటా."

ఆమె సరేనని తలూపింది. తలూపితే ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "సరే" అంది.

"ఇంటికి పద, భోంచేద్దువుగాని. సాయంత్రం నేనే దింపి వస్తా" అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. "పన్నెండున్నరకి బండుంది. రావడం వచ్చినవాడికి పోవడం రాదా? ఆ గొయ్యి ఎక్కడుందో ఇప్పుడు తెలుసుగా" అన్నాడు. గీసుకున్న చేతికి ఆమె రుమాలు కట్టింది, అది మాత్రం కట్టనిచ్చాడు. ఇద్దరూ నడవా దాటి ముందు గుమ్మం దాకా వచ్చారు. ఎండ కళ్ళల్లో పొడిచింది ఆమెకు. ఆయన మోచెయ్యి పట్టుకోవడానికి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని గాలిలోంచి వెనక్కి తెచ్చుకుని శాలువాలో చుట్టేసుకుంది.

"పదకొండు మెట్లన్నయ్యా, జాగ్రత్త" అంది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఎక్కి దిగే మెట్లే.

ఆయన కర్ర అంచును వెతుక్కుంది, కాలు దానివెంట దిగింది. ఒక్కో మెట్టుకీ ఒక చిన్న చప్పుడు. వీపు మీద చొక్కా చెమటకి అంటుకుని ఉంది. మధ్యలో ఒకచోట ఆగాడు, మళ్ళీ దిగాడు. అట్టడుగున నిలబడి, వెనక్కి తిరక్కుండానే, గొంతు పెంచి చెప్పాడు.

"పన్నెండు."

చెప్పి, ఎడమవైపుకి తిరిగి, స్టేషను దారి పట్టాడు.